మఫ్లరు కట్టుకున్న సుమెయోను

ఇది చదువుతూ చదువుతూ మీరు మెడ తడుముకుంటారు. తడుముకోండి, నేనేమీ అనుకోను. నా కథ విన్నవాళ్ళలో ఇప్పటిదాకా తడుముకోనివాడు మా పాస్టరుగారు ఒక్కరే. ఆయనకి మెడ లేదు, తల నేరుగా భుజాల మీదే ఉంటుంది. మీ చేతికి ఏదైనా తగిలితే మాత్రం నాలాగా మూడు వారాలు దాచకండి. నేను ఇవ్వగలిగిన సలహా ఇంతే. మిగతాదంతా నా సొద.

మాది నరసాపురం వైపు. నాన్న రైల్వేలో పని దొరికి రాయపూర్‌లో దిగిపోయాడు. నేను ఇక్కడే పుట్టి, అదే రైల్వేలో గుమాస్తానై, ఇక్కడి దుమ్ము యాభై రెండేళ్ళు తిన్నాను. అసలు జబ్బు రాకముందు నుంచీ నాకొక జబ్బు ఉంది. ఏది చెప్పినా నాలుగింతలు చేసి చెబుతాను. మా ఇంట్లో కనబడిన బల్లి ఆఫీసుకి వెళ్ళేసరికి ఉడుము అవుతుంది. ఊరి శివారు భన్‌పురిలో ఒక లారీ అద్దం నా మోచేతిని రాసుకుని పోతే, సాయంత్రం ప్రార్థన కూడిక నాటికి ఆ లారీకి ఇరవై రెండు చక్రాలు వచ్చాయి, డ్రైవరు నిద్రలో ఉన్నాడు, నేను గాల్లో ఉన్నాను. నా భార్య కరుణ ఇరవై ఏడేళ్ళుగా నా మాటల్ని నాలుగుతో భాగించుకుని కాపురం చేస్తోంది.

ఆ ఏడాది నవంబరు మొదటి వారంలో గడ్డం గీసుకుంటుంటే ఎడమ దవడ కింద ఏదో తగిలింది. గోలీకాయంత ఉంది. నొక్కితే నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. నొప్పి పెట్టేది ఏదైనా మనతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇది మాట్లాడలేదు. ఊరికే కూర్చుని నన్ను చూస్తోంది. వారం తిరిగేసరికి దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. పొద్దున్న లేచి బనియను పిండితే చెమట నీళ్ళు కారేవి. ఇంకా అంత చలి పడకముందే నేను మఫ్లరు చుట్టడం మొదలుపెట్టాను.

నవంబరు ఆఖరి వారం ఒక ఉదయం కరుణ మఫ్లరు లాగేసింది.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదు. చిన్నది."

"చిన్నదంటే?"

"బఠాణీ గింజంత."

కరుణ మొహంలో రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. గడ్డని చూసి భయపడిందనుకున్నాను. కాదట. చాలా రోజుల తర్వాత చెప్పింది: "బల్లిని ఉడుమనే మనిషి ఉసిరికాయంత దాన్ని బఠాణీ అన్నారు. అప్పుడే నా ప్రాణం జారిపోయింది. ఈయన సచ్చీ, నిజంగానే భయపడ్డారు అనుకున్నాను."

ఆమె అన్నది నిజం. జీవితంలో మొదటిసారి నేను ఒక విషయాన్ని తగ్గించి చెప్పాను.

ఆ వారమే పెద్దాసుపత్రిలో సూదితో ఏదో తీసి చూశారు. ఏమీ తేలలేదన్నారు. గడ్డ ఒకటి కోసి తీసి పరీక్షకు పంపాలన్నారు. డాక్టరమ్మ మంచి మనిషి, నవ్వు మొహం. "రెండిట్లో ఏదో ఒకటి అయి ఉండాలి. ఒకటి టి.బి." అని ఆగింది. రెండోదాని పేరు చెప్పకుండా కరుణ వైపు చూసింది. ఇంటికి వచ్చాక మేమిద్దరం మోకాళ్ళ మీద ఉండి, ప్రభువా టి.బి. దయచేయి అని ప్రార్థించాం. పరలోకంలో ఆ ప్రార్థన అందుకున్న దూత రెండుసార్లు చదువుకుని ఉంటాడు.

మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. హిందీ ఆరాధన అయ్యాక అదే గుడిలో, అవే బెంచీల మీద, ఇంకా వెచ్చగా ఉన్న చోట్లో కూర్చుంటాం. క్రిస్మస్ కోసం ఎదురు చూసే నాలుగు వారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచి, వారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి ఒక్కటే వెలిగించారు. పిల్లలకు ఏటా అదే బాధ, నాలుగూ వెలిగిస్తే ఏం పోయిందని. పాస్టరుగారు అన్నారు: "మూడు వెలగలేదని కనబడాలి. చీకటి ఇంకా ఉంది అని ఒప్పుకున్నవాడే ఎదురు చూడగలడు." అంతకుముందు సంవత్సరాల్లో ఈ మాటకి తల ఊపి, మధ్యాహ్నం బిర్యానీ గురించి ఆలోచించేవాణ్ణి. ఆ రోజు నాకు వెలిగిన కొవ్వొత్తి కనబడలేదు. వెలగని మూడే కనబడ్డాయి.

మా సంఘంలో ప్రార్థన విన్నపాల డబ్బా ఒకటి ఉంది. చీటీ రాసి వేస్తే సంఘపెద్ద నిలబడి పైకి చదువుతాడు. పేరు రాయక్కర్లేదు. కరుణ కూడా పేరు రాయలేదు. కానీ దేవుడు పొరపాటున వేరేవాణ్ణి బాగు చేస్తాడేమోనని గుర్తులు రాసింది. సంఘపెద్ద గొంతు సవరించుకుని చదివాడు: "ఒక సహోదరుని మెడలో గడ్డ నిమిత్తము. ఈ సహోదరుడు రైల్వేలో గుమాస్తా. ఎడమ వైపు మూడో బెంచీ. మఫ్లరు." నూట ఇరవై మంది ఒక్కసారిగా ఎడమ వైపు మూడో బెంచీకి తిరిగారు. ఈసారి నాలుగుతో భాగించకండి, నూట ఇరవై మందే.

ఇక పరామర్శలు. హార్లిక్స్ సీసాలతో మేము గోడ కట్టొచ్చు. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ ధైర్యం చెప్పాడు.

"ఏం భయం లేదు తమ్ముడూ. మా తోడల్లుడి అన్నకి అచ్చం ఇలాగే వచ్చింది."

"ఇప్పుడెలా ఉన్నారండీ?" అంది కరుణ.

"ఆయన పోయాడనుకో. కానీ ఇది అది కాదు."

కరుణ ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అందులో ఇంకా సగం టీ ఉంది.

గడ్డ కోసి తీసింది రెండో ఆదివారానికి ముందు. పది రోజుల్లో రిపోర్టు అన్నారు. కుట్లు చూపించుకోవడానికీ, రిపోర్టు వచ్చిందా అని అడగడానికీ వెయిటింగ్ హాల్లో కూర్చోవడమే మా ఉద్యోగం అయింది. ఆ హాలు ఎంత పెద్దదంటే ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే మధ్యలో ఒకసారి ఆగి టీ తాగాలి. కుర్చీలు ఇనుపవి, మూడేసి కలిపి బిగించినవి. మా దానికి ఒక బోల్టు వదులు. ముగ్గురిలో ఒకరు లేస్తే మిగతా ఇద్దరూ ఊగుతారు.

ఆ మూడో కుర్చీ సాహూగారిది. గుఢియారీలో ఇల్లు, పండరీలో టోకు బట్టల కొట్లో ముప్పై ఏళ్ళుగా గుడ్డ కొలిచే పని. గొంతులో ఏదో ఉందట, మాట బొంగురుగా, గాలి ఎక్కువగా వచ్చేది. మనిషిని చూసి ఎన్ని మీటర్లో చెప్పేసేవాడు. నన్ను చూడగానే, "కుర్తాకి రెండుంపావు. పొట్టకి ఇంకో పావు వేసుకోండి" అన్నాడు. నేను హిందీలో నా లారీ కథ చెప్పాను. సాహూ అంతా విని, కరుణ వైపు వంగి, "భాభీ, అసలు కొలత ఎంత?" అని అడిగాడు. కరుణ ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

రెండోసారి కలిసినప్పుడు నా మఫ్లరు చూసి మొహం చిట్లించాడు. "అరే భాయ్‌సాబ్, ఇది ఉన్ని. కుట్ల మీద గుచ్చుకుంటుంది." సంచీలోంచి ఒక తెల్లటి మల్‌మల్ గుడ్డ తీశాడు. అంచు మడిచి కుట్టి ఉంది. వాళ్ళావిడ కుట్టిందట. నా మెడ కొలత ఆయన మొదటి రోజే కంటితో తీసుకున్నాడట. సరిగ్గా రెండు చుట్లు వచ్చి, చివర గడ్డం కింద నిలబడింది. ఎందుకండీ ఇదంతా అంటే, "ఊరికే కూర్చుని చూసే బదులు చేతికి ఏదో పని ఉండాలి కదా" అన్నాడు.

మూడో ఆదివారం అయ్యాక సోమవారం వెళితే ఆ కుర్చీలో సాహూ లేడు. ఆయన భార్య ఒక్కతే, ఆయన టోకెన్ పట్టుకుని కూర్చుంది. "లోపల ఉంచారు భయ్యా" అంది. మా పేరు పిలిచారు. మేమిద్దరం లేస్తే ఆమె కూర్చున్న కుర్చీ ఊగింది.

లోపల డాక్టరమ్మ నవ్వలేదు. స్లైడ్లు ఇంకో చోటికి పంపాలంది, ఇంకొక పరీక్ష అవసరమంది. క్రిస్మస్ సెలవులు ఉన్నాయి, ఆ తర్వాతే అంది. "టి.బి. అయితే ఈపాటికి తెలిసేదా?" అని కరుణ అడిగింది. డాక్టరమ్మ బల్ల మీది కాగితాలు సర్దుతూ, "రిపోర్టు రానివ్వండి" అంది. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దింది. నేను అది చూశాను. కరుణ కూడా చూసింది.

ఇక సుమెయోను సంగతి.

క్రిస్మస్ ముందు ఆదివారం మా సంఘంలో నాటిక వేస్తారు. అందులో ఆఖరి వేషం ముసలి సుమెయోను. క్రీస్తును చూసేదాకా నీకు చావు రాదని దేవుడు మాట ఇస్తే, ఆ మాట పట్టుకుని దేవాలయంలో ఏళ్ళ తరబడి ఎదురు చూసి, చివరికి ఆ బిడ్డని చేతుల్లోకి ఎత్తుకున్నవాడు. పదకొండేళ్ళుగా ఆ వేషం నాదే. దూది గడ్డం మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో ఉంటుంది. నాటిక రాసి వేయించే ఎస్తేరక్క నాకు ఇచ్చింది నాలుగు మాటలు, నేను వాటిని ఇరవై నిమిషాలు చేస్తాను. కళ్ళు చికిలిస్తాను, దగ్గుతాను, ఆకాశం చూస్తాను, కర్ర జార్చి వెతుకుతాను. "సుమెయోను ఎంతసేపు ఎదురు చూశాడో గానీ దాసూ, నువ్వు దిగడం కోసం మేం మాత్రం చాలాసేపు చూస్తున్నాం" అంటుంది ఎస్తేరక్క. ఆవిడ రిటైరయిన నర్సు, డెబ్బై దాటింది, సంఘంలో అందరినీ ఇంజెక్షన్ చేసే ముందు చూసినట్టు చూస్తుంది. తెర వెనక నోటుబుక్కు పట్టుకుని మాటలు అందించేది కరుణ.

నాటికకి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం రిహార్సల్‌లో కరుణ నోటుబుక్కు మూసేసింది.

"అక్కా, ఈసారి ఈయన ఆ మాట అనకూడదు."

"ఏ మాటే?"

"ఆఖరిది. ఇక నన్ను వెళ్ళనియ్యి అనేది."

ఎస్తేరక్క కళ్ళద్దాల మీదుగా చూసింది. "విశ్వాసులం. మనకి శకునాలు లేవు కదే."

"లేవు. అయినా అనకూడదు."

"మరేం చెయ్యమంటావు? బిడ్డని ఎత్తుకుని నమస్తే చెప్పి కూర్చోమంటావా?"

"వేషం ఇంకెవరికైనా ఇచ్చేయండి, బస్."

"గడ్డం నాది" అన్నాను నేను. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఎస్తేరక్క కరుణని పక్కన కూర్చోబెట్టుకుంది. "ముప్పై ఆరేళ్ళు వార్డులో చేశాను. రాత్రి డ్యూటీ సిస్టరు పొద్దున్న చార్జి అప్పగించి, ఇక నేను వెళ్ళొచ్చా అంటుంది. అది చావు మాటా? కాపలా సరిగ్గా కాసినదాని మాట. సుమెయోను కూడా అదే అంటున్నాడు. రావలసినవాడు వచ్చాడు, నేను చూశాను, నా కాపలా అయింది అంటున్నాడు."

"ఆ సిస్టరు మళ్ళీ సాయంత్రం డ్యూటీకి వస్తుంది కదా అక్కా" అంది కరుణ. "సుమెయోను వచ్చాడా?"

ఎస్తేరక్క నోటుబుక్కు, పెన్ను కరుణ చేతిలో పెట్టింది. "నా చేత్తో నేను కొట్టలేను. నువ్వే కొట్టెయ్." కరుణ ఆ లైను మీద గీత గీసింది. కాగితం చిరిగింది. నేను ఆ మాట అననని ఆమెకి మాట ఇచ్చాను.

నాలుగో ఆదివారం. కొవ్వొత్తులు నాలుగూ వెలిగాయి. ఆరాధన అయ్యాక నాటిక. సాహూ ఇచ్చిన మల్‌మల్ గుడ్డ మెడకు చుట్టుకుని, తలకు తువ్వాలు కట్టుకుని, దూది గడ్డం తగిలించుకున్నాను. ఈసారి బొమ్మ కాదు, నిజం బిడ్డే కావాలని ఎస్తేరక్క పట్టు. సంఘంలో ఆ ఏడాది మగపిల్లలు పుట్టలేదు గనుక యేసుప్రభువు వేషం మూడు నెలల ఆడపిల్లకి దక్కింది. మరియమ్మ వేషంలో ఉన్న ఆ పిల్ల తల్లి, పాపని నా చేతుల్లో పెట్టింది.

పదకొండేళ్ళూ ఆ చేతుల్లో బొమ్మ ఉండేది. ఈ పిల్ల వెచ్చగా ఉంది. బరువుగా ఉంది. నా మెడలో గుడ్డ గుప్పిట్లో పట్టుకుని లాగింది. దాని వేళ్ళు సరిగ్గా కుట్ల పక్కన, ఇంకా మిగిలి ఉన్న గడ్డ మీద ఆగాయి. పసిపిల్లకి ఏం తెలుసు, అది నొక్కింది. అప్పుడు నాకు ఒక్కసారిగా, ఏ నాటకమూ లేకుండా తెలిసింది: ఇంకో రెండు వారాల్లో నాకు ఏం చెప్తారో నాకు ముందే తెలుసు. నవంబరు మొదటి వారం నుంచీ తెలుసు.

నేను చెప్పవలసింది ఒక్క మాట, నా కళ్ళు చూశాయి అని. రాలేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది, అంతే. మొదట నటన అనుకున్నారు. తర్వాత అనుకోలేదు. ముందు వరసలో పిల్లలు గుసగుసలు మానేశారు. పాస్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు.

"నా కళ్ళు చూశాయి" అని తెర వెనక నుంచి కరుణ చిన్నగా అందించింది. నేను నిలబడ్డాను. మళ్ళీ అందించింది. నేను నిలబడే ఉన్నాను.

అప్పుడు తెర పక్కకు తొలగించి కరుణ బయటికి వచ్చింది. చిరిగిన కాగితం ఉన్న నోటుబుక్కు చేతిలో ఉంది, దాన్ని చూడలేదు. నన్ను చూసి, గుడి అంతా వినేలా చెప్పింది: "చూశాను తండ్రీ. నా కాపలా అయింది. ఇక నన్ను వెళ్ళనియ్యి."

నేను ఆమె వెనకే ఒక్కో మాటా అన్నాను. "చూశాను తండ్రీ. నా కాపలా అయింది. ఇక నన్ను వెళ్ళనియ్యి." పాప నా గడ్డం పీకుతోంది. దాని చెవిలో, కానీ అందరికీ వినబడేలా అన్నాను: "అయితే తొందరేమీ లేదు. కొత్తగా వచ్చావు, కాస్త కుదురుకో. ఈలోగా నేను ఎత్తుకుంటాను."

గుడి నవ్వింది. ఎస్తేరక్క నవ్వుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కరుణ నవ్వలేదు.

స్కూటరు మీద ఇంటికి వస్తూ అడిగాను, ఎందుకు చెప్పావని.

"మీరు ఊరుకున్నారు" అంది వెనక నుంచి. "మీరు ఊరుకుంటే నాకు భయం. దానికన్నా ఆ మాటే నయమనిపించింది."

ఆ క్రిస్మస్‌కి ఇంటి ముందు నక్షత్రం కట్టాం, గులాబీ పువ్వులు వండాం, వచ్చినవాళ్ళకి కేకు పెట్టాం. రిపోర్టు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. నిరీక్షణ ఉన్నవాడికి మంచే జరుగుతుందని లోపల ఒక నమ్మకం ఉంటుందని అన్నేళ్ళూ అనుకున్నాను. నాకు అలాంటి నమ్మకం ఏమీ కలగలేదు. చీకటి అలాగే ఉంది. కాకపోతే అందులో నేను ఒక్కణ్ణే లేను. ఆ బిడ్డ కూడా ఇందులోకే వచ్చి పుట్టాడు కదా అని తోచింది. ఆ పండక్కి నాకు దొరికింది అదే.

జనవరి మొదటి వారంలో రిపోర్టు వచ్చింది. టి.బి. కాదు. రెండోది. వైద్యానికి లొంగే రకమే అంది డాక్టరమ్మ, కానీ మాట ఇవ్వలేను అంది. ఆరు నెలల మందు గురించి నేను రాయను. పడ్డవాళ్ళకి తెలుసు, పడనివాళ్ళకి ఎందుకు. జుట్టు, మీసం, కనుబొమ్మలు పోయాయి. దూది మాత్రం మా ఇంట్లో ఉంది గనుక నాకేం లోటు లేదని ఎస్తేరక్క అంది. ఆవిడ ప్రతిసారీ మందు ఎక్కేంతసేపూ నా పక్కన కూర్చుంది. సూది గుచ్చే సిస్టర్లు ఆవిడ్ని చూసి వణికేవాళ్ళు.

ఏప్రిల్‌లో అదే హాల్లో సాహూ భార్య కనబడింది. ఏవో కాగితాల కోసం వచ్చింది. నేను అడగకముందే చెప్పింది: "హోలీకి ముందే వెళ్ళిపోయారు భయ్యా." నా మెడలో గుడ్డ చూసి, అంచు పట్టుకుని, కుట్టు ఎక్కడైనా ఊడిందేమో చూసింది. "నిలబడింది" అంది. ఆయనా నేనూ ఒకే కుర్చీల వరసలో కూర్చున్నాం. ఆయన కోసం ఆయన భార్య మొక్కని దేవుడు లేడు. నేనెందుకు మిగిలానో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా మీతో అంటే, మర్యాదగా టీ గ్లాసు వెనక్కి తీసుకోండి.

జూలైకి మందు అయిపోయింది. ఐదేళ్ళపాటు మూడు నెలలకోసారి చూపించుకోవాలన్నారు. అంటే ఇంకా వెయిటింగ్ హాల్లోనే ఉన్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా ఎడమ చెయ్యి మెడ మీదే ఉంది.

ఆ డిసెంబరు మొదటి ఆదివారం గుడి నుంచి వచ్చి నక్షత్రం కడుతుంటే పోయినేడాది టీ పెద్దాయన వచ్చాడు. కుర్చీలో కూర్చుని, నా మెడ అటూ ఇటూ పరీక్షగా చూశాడు.

"అసలు ఎంత ఉండేదేంటి తమ్ముడూ?"

నేను నిచ్చెన దిగాను. "ఏం చెప్పమంటారు అన్నయ్యగారూ. కొబ్బరికాయ. పీచు తియ్యనిది. పడుకుంటే దానికి వేరే తలగడ వెయ్యాల్సి వచ్చేది. స్కూటరు ఎక్కితే బండి ఎడమ వైపుకి లాగేది. ఒకసారి చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపి, ముగ్గురు ఎక్కకూడదన్నాడు."

పెద్దాయన నోరు తెరుచుకుని కరుణ వైపు తిరిగాడు. కరుణ టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె నా మాటకి సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి.

"కాదు అన్నయ్యగారూ" అంది. "ఇంకా పెద్దదే."

అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.